పద్నాలుగో రోజు ఫారం

మా మనవరాలు ఏడవదు. ఈ సంగతి మా వీధిలో తెలియని మనిషి మిగలకుండా బిడ్డ పుట్టిన పదమూడో రోజు సాయంత్రానికే నేను ఏర్పాట్లు పూర్తి చేశాను. పాలు పోసే ఆమెకు చెప్పాను, ఎదురింటి టీచరమ్మకు చెప్పాను, కరెంటు రీడింగు తీయడానికి వచ్చిన మనిషి అడక్కపోయినా నిలబెట్టి చెప్పాను. ముందురోజు రాత్రంతా గుక్కపట్టి ఏడ్చిందనీ, పొద్దున్నే నేను కాళ్ళ మీద వేసుకుని నూనె రుద్ది నీళ్ళు పోసేసరికి దెబ్బకు దారికొచ్చిందనీ కొసరు కూడా వేశాను. జమ్మలమడుగులో పసిబిడ్డలకు నీళ్ళు పోయడం వచ్చినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ళ దగ్గర నుంచి నేను కదల్లేదు.

నా పేరు వెంకటరమణమ్మ. ముప్పై ఒక్క ఏళ్ళు ఏఎన్‌ఎం ఉద్యోగం చేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. ఊళ్ళో జనం నర్సమ్మ అంటారు. మా ఆయన ఆదినారాయణ మాత్రం డాక్టరమ్మ అంటాడు, అదీ బీపీ మాత్ర వేసుకోమని నేను గుర్తు చేసినప్పుడు. ఏడు పల్లెల్లో నా సూది తగలని తొడ లేదు. పసిబిడ్డ పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, ఆయాసపడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలని సబ్‌సెంటరు గోడ మీద నీలం రంగుతో రాయించింది నేనే. పెయింటరు చేసిన తప్పులు దిద్దించింది కూడా నేనే. ఒక జనవరి ఇరవై ఆరున ఉత్తమ ఉద్యోగి అని పత్రం ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో టీవీకి సరిగ్గా పైన తగిలించాను. మా ఇంటికొచ్చి టీవీ చూసినవాళ్ళు దాన్ని చూడక తప్పదు.

తొలికాన్పుకు పుట్టింటికి పోవడం లోకమెరిగిన పద్ధతి. మా కోడలు జాహ్నవిది పులివెందుల. ఏడో నెలలో వాళ్ళమ్మ స్వర్ణలత గాజులూ చీరా పట్టుకుని పిలుచుకుపోవడానికి వస్తే నేను పంపలేదు. అక్కడ చూసుకోవడానికి ఎవరున్నారు, ఇక్కడ నేనున్నాను కదా అన్నాను. కాన్పులూ పసిబిడ్డలూ అంటే చీనీతోటకు నీళ్ళు కట్టడం కాదని కూడా అన్నాను, వాళ్ళది బత్తాయి సాగు కాబట్టి. స్వర్ణలత ముఖం చిన్నబుచ్చుకుంది. అబద్ధమెందుకు, నాకు కాస్త ముచ్చటగానే అనిపించింది. మా అబ్బాయి సుధీర్ ముద్దనూరు దగ్గర కరెంటు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం చేస్తాడు. వాడు ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే హెల్మెట్ తీయడు. ఆ రోజూ తీయలేదు.

కాన్పు సుఖంగానే అయింది. ఆడపిల్ల, రెండు కిలోల తొమ్మిది వందలు. మా వాళ్ళలో ఇరవై ఒకటో రోజు దాకా పేరు పెట్టరు. ఆసుపత్రి కాగితాల్లో జాహ్నవి బిడ్డ అని రాశారు, ఇంట్లో పాప అన్నాం. పన్నెండు రోజులు అందరు బిడ్డల్లాగే తాగింది, తడిపింది, ఏడ్చింది. ఆ పన్నెండో రాత్రి ఏడుపు వేరుగా ఉంది, సన్నగా, తీగలాగినట్టు. పదమూడో రోజు పొద్దున నేను నీళ్ళు పోసి సాంబ్రాణి పట్టాను. ఆ తర్వాత ఇక నోరెత్తలేదు. చీర ఉయ్యాల్లో పడుకున్నది పడుకున్నట్టే ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు మత్తుగా పడి ఉన్న బిడ్డను గుర్తు పట్టండమ్మా అని ఊరూరా అరిచినదాన్ని, నా ఉయ్యాల్లో బిడ్డ మత్తుగా పడి ఉంటే నా హస్తవాసి అనుకున్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

ఇప్పుడు మాబున్ని సంగతి చెప్పాలి. మాబున్ని మా వార్డుకు ఆశా కార్యకర్త. వాళ్ళాయన కువైట్‌లో వెల్డింగు పని చేస్తాడు. ఆరేళ్ళ కిందట ఆ పిల్ల చేరినప్పుడు పని నేర్పింది నేను. బిడ్డ పుట్టిన ఇంటికి మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజు ఆశా పోవాలి. సంచిలో తూకం, థర్మామీటరు, గడియారం ఉంటాయి. బిడ్డను బరువు తూచాలి, చంకలో థర్మామీటరు పెట్టాలి, డొక్క చూస్తూ ఒక నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టాలి. అరవై దాటితే మళ్ళీ లెక్కపెట్టాలి. మళ్ళీ దాటితే ఆసుపత్రికి పంపాలి. ఇదంతా ఒక ఫారంలో రాసి ఇంటివాళ్ళ సంతకం తీసుకోవాలి. నేను మాబున్నికి ఇవన్నీ మొదటి వారంలో నేర్పించాను. రెండో వారంలో అసలు విద్య నేర్పించాను.

అసలు విద్య ఏమిటంటే, బస్సు వచ్చేలోపు స్టాపులో కూర్చుని పది ఇళ్ళ ఫారాలు నింపడం. ఏడు పల్లెలు, పదహారు రిజిస్టర్లు, ఒక ట్యాబు, వారానికి రెండు మీటింగులు ఉన్న మనిషి ప్రతి బిడ్డ డొక్కా ఒక నిమిషం చూస్తూ కూర్చుంటే ఉద్యోగం సాగదు. అందుకని నా దగ్గర రెండు అంకెలుండేవి. వేడి ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. ఊపిరి నలభై ఎనిమిది. ఎండాకాలం, చలికాలం, మగబిడ్డ, ఆడబిడ్డ, ఎవరికైనా అవే. పైఅధికారులకు అవి ఎప్పుడూ తేడాగా అనిపించలేదు. కొట్టివేతలున్న ఫారం పంపకూడదు, తప్పు పడితే చించేసి కొత్తది రాయాలి, ఇదీ నేర్పాను. మాబున్ని అన్నీ విని తల ఊపింది గానీ, ఇళ్ళకు పోయి నిమిషం లెక్కపెట్టడం మాత్రం మానలేదు. నిదానస్థురాలు, ఎట్లా బతుకుతుందో అని నేను జాలిపడేదాన్ని.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చింది. మే నెల. జమ్మలమడుగులో ఆ వేళకు కుక్కలు కూడా కాలవ దాటవు. మాబున్ని చున్నీ తల మీద కప్పుకుని, సంచి భుజాన వేసుకుని, గుమ్మంలో చెప్పులు విప్పి, కుళాయి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుని లోపలికొచ్చింది. నేను టీవీ ముందు కూర్చుని ఉన్నాను. నాకు ఎదురుగా నా పత్రం ఉంది.

జాహ్నవి గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ పిల్ల నాతో మాట్లాడాలంటే ముందు వాక్యం మొత్తం మనసులో కూర్చుకుని వస్తుంది.

"అత్తా, పొద్దున్నించి పాలు పట్టుకోలేదు. నోట్లో పెట్టినా వదిలేస్తాంది. ఒళ్ళు కూడా కాలినట్టుండాది."

మే నెలలో ఇల్లే కాలుతోంది, బిడ్డ కాలదా అన్నాను. నిన్న రాత్రి బాగా తాగిందేమో, ఆకలి లేదేమో అన్నాను. పడుకున్న బిడ్డను లేపి పాలు పట్టే ఆత్రం తొలిచూలు తల్లులందరికీ ఉంటుందనీ, నేను వెయ్యిమందిని చూశాననీ చెప్పాను. వెయ్యి అన్నది నేను ఎప్పుడూ వాడే అంకె. అది కూడా ఎవరూ లెక్కపెట్టలేదు.

మాబున్ని గదిలో ఉన్న ఉయ్యాల వైపు రెండు అడుగులు వేసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"మేడం, ఒక్క నిమిషం చూసి పోతా."

"నిమిషం లెక్కపెట్టేది నీకు నేర్పిందెవరుమే? నా ఇంట్లో నాకే చూపిస్తావా? కూచో, రాసుకో."

కూర్చుంది. నేను చెప్పాను, ఆమె రాసింది. వేడి ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. ఊపిరి నలభై ఎనిమిది. పాలు బాగా తాగుతున్నది. మత్తు లేదు. జ్వరం లేదు. ఆయాసం లేదు. ఒక్కొక్క లేదుకూ ఆ పిల్ల పెన్ను కాసేపు ఆగింది, నేను తర్వాతిది చెప్పేసరికి కదిలింది. చివర ఇంటివాళ్ళ సంతకం దగ్గర నేను కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా సంతకం చేశాను. మజ్జిగ ఇచ్చాను. తాగి, థర్మామీటరు కిటికీలో పెట్టి, సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ తలుపు కొట్టింది. థర్మామీటరు మరిచిపోయాను మేడం అంది. ఆరేళ్ళలో ఆ పిల్ల పెన్ను మూత కూడా ఎక్కడా మరిచిపోలేదు. అది నాకు తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు. పెద్దదాని పరువు పోకుండా మళ్ళీ ఇంట్లోకి రావడానికి ఒక దారి వదిలి పోయింది. నేను ఏమీ అనలేకపోయాను, ఎందుకంటే ఏదైనా అంటే నేను అది కనిపెట్టానని ఒప్పుకున్నట్టే.

కిటికీలో థర్మామీటరు తీసుకుంది. పనిచేస్తోందో లేదో చూస్తా అంటూ పాప చంకలో పెట్టింది. ఉయ్యాల్లో చీర మడత తప్పించి, చొక్కా పైకి లాగి, గడియారం చేత్తో పట్టుకుని డొక్క చూస్తూ నిలబడింది. పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. మా ఆయన పక్కగదిలోంచి వచ్చి గోడకు ఆనుకున్నాడు. జాహ్నవి నా ముఖం చూడలేదు, మాబున్ని పెదవులే చూసింది. నేను నా జీవితంలో నిమిషం అంత పొడవుంటుందని ఎరగను. ముప్పై ఒక్క ఏళ్ళు దాన్ని అర సెకనులో రాసేశాను.

డెబ్బై నాలుగు. మళ్ళీ లెక్కపెట్టింది. డెబ్బై ఆరు. థర్మామీటరు కూసింది. ముప్పై ఎనిమిది పాయింట్ తొమ్మిది.

థర్మామీటరు పాడైందన్నాను. అవును, అన్నాను. లోపలికి పోయి నా పాత పాదరసం థర్మామీటరు తెచ్చి నేనే పెట్టాను. అది నా మాట వింటుందని ఆశ. దానికీ నా పత్రం మీద గౌరవం లేదు. పాప అరికాలి మీద వేలితో కొట్టాను, అట్లా కొడితే ఏ బిడ్డయినా కాలు లాక్కుని రాగం తీస్తుంది. పాప కళ్ళు సగం తెరిచి, నన్ను చూడకుండానే మూసింది. గొంతులోంచి ప్రతి ఊపిరికీ చిన్న మూలుగు వస్తోంది. ఆ మూలుగు నిన్నటి నుంచీ ఉంది. పాప నిద్దర్లో ముద్దుగా మాట్లాడుతోందని నేనే ఎదురింటి టీచరమ్మను పిలిచి వినిపించాను.

మాబున్ని జాహ్నవితో బిడ్డను చంకన కాదు, రొమ్ముకు ఆనించి పట్టుకోమంది, దారిలో పది నిమిషాలకొకసారి పాలు చుక్క నోట్లో పిండి చూడమంది, మింగకపోతే పోయొద్దంది. అవన్నీ నేను నేర్పినవే. ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. బిడ్డ సంచి సర్దాలా, స్వర్ణలతకు ఫోను చేయాలా, ఎండ కాస్త తగ్గాక బయల్దేరాలా అని హాల్లో తిరుగుతూ నాలో నేనే పైకి మాట్లాడుకుంటున్నానట.

"నీ చదువు ఐపోయింటే ఇంగ బండెక్కుమే," అన్నాడు మా ఆయన. డాక్టరమ్మ అనలేదు. నలభై ఏళ్ళ కాపురంలో నాకు తిట్టు అనిపించింది అదొక్కటే.

మా ఆయన కారు ముప్పై దాటించిన సంగతి చరిత్రలో లేదు. ఎడ్లబండి వాళ్ళు హారన్ కొట్టిన సందర్భాలున్నాయి. ఆ రోజు ప్రొద్దుటూరు చేరేదాకా నేను మీటరు వైపు చూడలేదు, రోడ్డు వైపు చూసే ధైర్యం కూడా లేదు. ఎప్పుడూ దారి పొడుగునా నెమ్మదిగా పో అని సతాయించేదాన్ని, నోరు మూసుకుని పాప డొక్క చూస్తూ కూర్చున్నాను. లెక్కపెడుతున్నాను. ఎనభై. ఎనభై రెండు. అంకెలు నిజమైనవి అయితే ఎంత భయమేస్తుందో అప్పుడు తెలిసింది.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పసిబిడ్డల వార్డు డాక్టరు పేరు ఫాయిజా. మా జాహ్నవి వయసే ఉంటుంది. పాపను వార్డు మంచం మీద పడుకోబెట్టి ఆక్సిజన్ పెడుతూనే, మరో చేత్తో కాగితాలు అడిగింది. మాతోపాటు కారెక్కి వచ్చిన మాబున్ని తన సంచిలోంచి ఫారం తీసి ఇచ్చింది. డాక్టరు చదివింది. పైనుంచి కిందకు, మళ్ళీ పైనుంచి కిందకు.

"ఈ రోజు రెండు గంటలకు జ్వరం లేదు, పాలు బాగా తాగుతోంది అని రాసింది. మందు ఎట్లాగూ మొదలుపెడతా. వెన్నులోంచి నీరు తీయాలా, కాసేపు ఆగి చూడాలా అన్నది తేల్చుకోవాల. ఎండదెబ్బ బిడ్డలు ఈ నెలలో రోజూ వస్తాండారు. నిజంగా రెండు గంటల నుంచేనా?"

అప్పుడు మాబున్ని అంది.

"నేనే సరిగా చూడలేదు మేడం."

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్తాను, విన్నాక మీరు నన్ను మీ గుమ్మం తొక్కనివ్వకపోయినా సరే. ఆ మాట విన్న మొదటి క్షణం నాకు ప్రాణం లేచి వచ్చింది. అవును కదా, ఫారం నింపింది అది, పెన్ను దాని చేతిలో ఉంది, నేను ఒట్టి ఇంటిమనిషిని. ముప్పై ఒక్క ఏళ్ళ పేరు అట్లాగే గోడ మీద ఉంటుంది. ఉయ్యాల్లో బిడ్డ పోతే పోయిందని నేను అనుకోలేదు, అంత పాపిష్టిదాన్ని కాదు. కానీ ఆ ఒక్క క్షణం బిడ్డ సంగతి నాకు గుర్తు లేదు. అదేమంత తక్కువ పాపం కాదు.

జాహ్నవి నా వైపు తిరిగింది. వాక్యం కూర్చుకుంటున్నట్టుంది. అది కూర్చుకునేలోగా నేనే నోరు తెరిచాను.

"ఆ అంకెలు నావి. ఎవురూ చూడలేదు. ఆ పిల్ల చూస్తానంటే నేనే చూడనీలేదు. నిన్న పొద్దున్నించే బిడ్డకు మత్తు, మూలుగుతాంది. నేను నిద్ర అనుకున్యా."

డాక్టరు నన్ను మందలిస్తుందేమో అనుకున్నాను. మందలిస్తే బాగుండేది. వెంటనే నర్సు వైపు తిరిగి వెన్నునీటి సామాను తెమ్మంది. మమ్మల్ని బయటికి పంపింది. సంతకం కావాలన్నారు. సుధీర్ ఇంకా ప్లాంటు నుంచి చేరలేదు కాబట్టి ఆ కాగితం మీద మా ఆయన చేశాడు. నా సంతకానికి ఆ పూట గిరాకీ లేదు.

ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు పరీక్షల ఫలితాలు వచ్చాయి. గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అట. ఆ పేరు పలకడానికి నాకే మూడుసార్లు పట్టింది, మా ఆయన ఒకసారి ప్రయత్నించి అది ఏదో రైలు పేరులా ఉందని వదిలేశాడు. అది శానామంది ఆడవాళ్ళ ఒంట్లో ఏ హానీ చేయకుండా ఉంటుందనీ, తల్లికి తెలియను కూడా తెలియదనీ, ఎప్పుడో ఒక బిడ్డకు మాత్రం రక్తంలోకి పోతుందనీ ఫాయిజా డాక్టరు కూర్చోబెట్టి చెప్పింది. మా పాపకు రక్తంలోంచి మెదడు పొరలకు కూడా చేరింది. ఇది జాహ్నవి తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు, ఇట్లాంటప్పుడు గంటలు ముఖ్యం అంది. గంటలు అన్నాక ఇంకేదో అనబోయి నా ముఖం చూసి ఆపేసింది. పెద్దలంటే గౌరవమున్న పిల్ల.

డాక్టరు చెప్పింది విన్న తర్వాత కూడా మా బంధువులు తమ వైద్యం మానలేదు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ వార్డు బయట బెంచీ మీద ఒక రోగం కనిపెట్టి పోయారు. ఒకామె పక్షి నీడ పడిందంది. ఒకామె జాహ్నవి బాలింతరాలై మామిడిపండు తినిందంది, పోయిన సంవత్సరం తిన్నదాన్ని కూడా లెక్కలోకి వేసింది. మా ఆడపడుచు మాత్రం దిష్టి అంది. ఏడవని బిడ్డ అని ఊరంతా చాటింపు వేస్తే దిష్టి తగలదా వదినా అంది. సైన్సు తెలియకపోయినా నేరస్థురాలిని సరిగ్గానే పట్టుకుంది.

స్వర్ణలత పులివెందుల నుంచి పాపను చేర్చిన రాత్రే వచ్చింది, వచ్చిన దగ్గర నుంచి కూతురి పక్కన నేల మీద కూర్చుంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. తిడుతుందని పోయాను, తిట్లు తింటే కాస్త తేలికవుతుందని. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని నెమ్మదిగా అంది.

"ఇంట్లోనే నర్సమ్మ ఉండాది కదా, మనకేం దిగులని మా ఇంట్లో అందరికీ చెప్పినా వదినా."

ఎత్తిపొడుపు కాదు. అదే నన్ను చంపింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ముక్కూ నోరూ ఏకమయ్యేలా ఏడ్చాను. మాబున్ని వచ్చి పక్కన కూర్చుంది. నీళ్ళ సీసా ఇచ్చింది. నేను ఎందుకు మళ్ళీ వచ్చావే అని అడిగితే థర్మామీటరు కోసమే మేడం అంది. ఇప్పటికీ అదే అంటుంది.

పద్నాలుగు రోజులు సూదులు. పుట్టి పద్నాలుగు రోజులు, సూదుల మీద పద్నాలుగు రోజులు. నాలుగో రోజు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఆరో రోజు జ్వరం దిగింది. ఎనిమిదో రోజు, నేను గాజు తలుపు బయట నిలబడి ఉండగా, పాప నోరు తెరిచి ముఖమంతా ఎర్రగా చేసుకుని ఏడ్చింది. తలుపులోంచి శబ్దం రాలేదు, నోరు మాత్రమే కనిపించింది. నేను వార్డు నర్సును బతిమాలి తలుపు ఒక్క అంగుళం తీయించుకుని విన్నాను. ఇరవై ఒకటో రోజు ఆసుపత్రిలోనే గడిచింది, పేరు పెట్టే వేడుక ఎవరికీ గుర్తు రాలేదు. ఇంటికి తెచ్చాక జాహ్నవి ఎవరినీ అడక్కుండా పాపకు నిహారిక అని పేరు పెట్టుకుంది. నన్ను సంప్రదించలేదు. మంచి పని చేసింది.

తర్వాత కడపలో చెవుల పరీక్ష చేయించారు. మెదడు పొరలకు సోకిన బిడ్డలందరికీ చేయిస్తారట. కుడి చెవి బాగుంది. ఎడమ చెవి పలకలేదు. మూడు నెలలు ఆగి మళ్ళీ చూద్దాం అన్నారు. ఒక రోజు ముందు తెచ్చి ఉంటే ఆ చెవి పలికేదా అని నేను అడిగాను. చెప్పలేమమ్మా అన్నారు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, చెప్పలేరు. నేను రాత్రీ పగలూ దాన్నే అడుగుతుంటాను కాబట్టి నాకు కాస్త చెప్పగలననిపిస్తుంది. మా ఆయన ఇప్పుడు ఏ పనిమీద ఇంట్లోంచి పోతున్నా పాప కుడివైపు వంగి పోయొస్తా పాపా అని చెప్పి పోతాడు.

నలభై రెండో రోజు మాబున్ని వచ్చింది. చేతులు కడుక్కుంది. పాప ఆ రోజు ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. ఏడుస్తున్న బిడ్డకు ఊపిరి లెక్కపెట్టకూడదు, ఊరుకునేదాకా ఆగాలి. నేనూ జాహ్నవీ మాబున్నీ ఉయ్యాల చుట్టూ నేల మీద కూర్చుని ముప్పావుగంట ఆగాము. ఎదురింటి టీచరమ్మ తలుపు దగ్గరకొచ్చి, ఏడవదంటిరే ఈ బిడ్డ అంది. ఏడుస్తుందమ్మా, దేవుడి దయ, బాగా ఏడుస్తుంది అన్నాను. చివరికి ఊరుకుంది. మాబున్ని ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది. యాభై మూడు. నా ఉద్యోగం మొత్తంలో నేను యాభై మూడు అనే అంకె ఒక్కసారి కూడా రాయలేదు.

హాల్లోకి వచ్చాక మాబున్ని సంచిలోంచి ఇంకో రెండు కాగితాలు తీసింది. ఒకటి పద్నాలుగో రోజు ఫారం. ఇంకొకటి ఖాళీ ఫారం. రెండు గంటలకు బాగున్న బిడ్డ నాలుగు గంటలకు ఆ స్థితిలో ఎట్లా వచ్చిందని పైవాళ్ళు అడుగుతున్నారట, సూపర్‌వైజరు మరునాడు వస్తోందట. మాబున్ని తలెత్తలేదు.

"కొత్తది రాసుకుందాం మేడం. కొట్టివేతలుండే ఫారం పంపకూడదని మీరే చెప్తిరి కదా."

నేను నేర్పిన అసలు విద్య ఆ పిల్ల ఆరేళ్ళలో మొట్టమొదటిసారి వాడబోతోంది. అదీ నా కోసం. నేను ఖాళీ ఫారం మడిచి దాని సంచిలో పెట్టాను. కళ్ళద్దాలు తెచ్చుకున్నాను. పాత ఫారం ఒళ్ళో పెట్టుకుని, ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది కొట్టేసి పక్కన చూడలేదు అని రాశాను. నలభై ఎనిమిది కొట్టేసి లెక్కపెట్టలేదు అని రాశాను. పాలు బాగా తాగుతున్నది కొట్టేసి పొద్దున్నించి పట్టుకోలేదు అని రాశాను. జ్వరం దగ్గర, మత్తు దగ్గర, ఆయాసం దగ్గర, లేదు అన్న ప్రతిచోటా కొట్టేసి చూడలేదు అని రాశాను. ఇతర వివరాలు అని కింద రెండు గీతల జాగా ఉంటుంది, ఎవరూ ఎప్పుడూ నింపరు. అక్కడ ఆశా కార్యకర్తను బిడ్డను చూడనివ్వలేదు అని రాసి, వెంకటరమణమ్మ, రిటైర్డ్ ఏఎన్‌ఎం, బిడ్డ జేజి (నాయనమ్మ) అని సంతకం చేశాను. ఫారం నిండా కొట్టివేతలు. నేను పంపిన వాటిల్లో చూడటానికి అంత అసహ్యంగా ఉన్నది ఇంకొకటి లేదు.

మాబున్ని దాన్ని తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది. లోపల పాప మళ్ళీ మొదలుపెట్టింది. జాహ్నవి అప్పటికే వంటింట్లోకి పోయింది. నేను లేచి గదిలోకి పోయి, ఉయ్యాలకు కుడివైపు తిరిగి కూర్చుని, జేజి వచ్చింది ఉండు అన్నాను.